చెమ్మ గోడ మీద కొండదారి

“ఆ ఏరూ ఆ చెట్లూ నీ గోడెక్కితే నేను నీ గడప తొక్కను, ఇంకో మాట మాట్లాడకు.” ఇంతేనా మీ అమ్మ అన్నది, ఇంకేమన్నా మింగేసి చెప్తున్నావా? నువ్వు మాత్రం ఊరుకుని ఉంటావా ఏంటి. “నాకంటే నీకు ఆ గోడే ఎక్కువైందా” అని ఎదురడిగి ఉంటావు. ఆఁ, అడిగావుగా. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. కూర్చో ముందు. ఆ కాగితం చుట్ట అలా నిలబెట్టకు, కింద అంచు నలిగిపోద్ది, నా మంచం మీద పడుకోబెట్టు. ఏదీ, కొంచెం విప్పు చూద్దాం. అబ్బో, అడవే. పొగమంచు, మధ్యలో ఏరు. బాగుంది, బాగాలేదని నేనెందుకంటా. వెనక ఈ జిగురేంటి, పైపొర లాగేసి అంటించెయ్యడమేనా? ఉడకబెట్టేదేం లేదా? హాయి. మా రోజుల్లో ఈ పనికి ఒక పొయ్యి, ఒక గిన్నె, ఒక నిచ్చెన, ఒక బావ కావాల్సొచ్చేవి. నవ్వకు, నిజమే చెప్తున్నా. కొత్త ఇల్లు, సోఫా వెనక అంత ఖాళీ గోడ, దాని మీద అడవి పెట్టుకుంటే తప్పేంటని కదా నీ బాధ. తప్పేం లేదు. మీ అమ్మ నీ మీద కోపంతో అనలేదు తల్లీ. నీ చిన్నప్పుడు ఇంటికొచ్చిన క్యాలెండర్ మీద చెరువు బొమ్మ ఉంటే, దాని మీద పాత పేపరు అంటించి తారీఖులొక్కటే కనపడేలా తగిలించేది, గుర్తుందా? మీ నాన్న పాపం “చెరువేం చేసిందే నిన్ను” అనేవాడు. చెరువేం చెయ్యలేదు. కొండా ఏం చెయ్యలేదు. చేసింది మీ తాత. అంటే, చేశాడని మీ అమ్మ లెక్క. నువ్వెప్పుడూ చూడలేదుగా ఆయన్ని. చూశావులే, చంకలో పిల్లవి, ఆయన మీసం పట్టుకుని గుంజావు, అది చూడటం కిందకి రాదు.

మీ తాతంటే నాకు బావ. మా అక్క మొగుడు. ఆయన్ని అసలు పేరుతో ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, అందరూ సీనరీ అనేవాళ్ళు. “సీనరీ వచ్చాడా”, “సీనరీని అడిగి చెప్తా”. గోడ బొమ్మల షాపులో పని ఆయనది. అప్పట్లో గోడంత బొమ్మలు ఇలా ఒక్క చుట్టగా వచ్చేవి కావు, నిలువు ముక్కలుగా వచ్చేవి. ఒకదాని పక్కన ఒకటి వెంట్రుక పట్టనంత దగ్గరగా అతికితే కొండయ్యేది, సముద్రమయ్యేది. నేనదే షాపులో కౌంటర్ మీదుండేవాణ్ణి. పుస్తకం తిప్పి బొమ్మలు చూపించడం నా పని, గోడకెక్కించడం ఆయన పని. ఎన్ని రకాల మనుషులొచ్చేవాళ్ళో చెప్పలేను. ఒక పళ్ళ డాక్టరు వెయిటింగ్ రూముకి జలపాతం కావాలన్నాడు. “డాక్టరుగారూ వద్దండి, కూర్చున్నవాళ్ళందరికీ ఒకటే పని గుర్తొస్తది” అన్నాడు బావ. వింటాడా ఆయన? పెట్టించుకున్నాడు. కొన్నాళ్ళకి మొహం వేలాడేసుకుని వచ్చి “ఎడారి ఉందా” అని అడిగాడు. ఇంకోసారి మొగుడూ పెళ్ళాం వచ్చారు. ఆవిడ సముద్రమంటది, ఈయన అడవంటాడు, నా ముందే మొదలుపెట్టారు, నీ చెల్లెలి పెళ్ళప్పుడు ఏమైందో నాకు గుర్తులేదనుకున్నావా అనే దాకా పోయింది. బావ నిచ్చెన మీంచే “సగం సగం అతుకుతానమ్మా, ఇలాంటప్పుడు ఎవరి వైపు వాళ్ళు కూర్చోవచ్చు” అన్నాడు. వాళ్ళు నిజంగా అలాగే అతికించుకున్నారు. వాళ్ళింట్లో సముద్రంలో మునిగితే చెట్లలో తేలాలి. ఆఁ, ఏదో చెప్పబోయి ఎక్కడికో పోయా. చెంప. చెంప సంగతి చెప్పాలి నీకు, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఎవరింటికెళ్ళినా బావ ముందు సామాను దించడు. గోడ దగ్గరికి పోతాడు. అరచెయ్యి పెడతాడు, తర్వాత చెయ్యి తిప్పి వెనక వైపు పెడతాడు, తర్వాత వంగి చెంప ఆనిస్తాడు. కళ్ళు మూసుకుంటాడు. గోడలో ఎవరో ఏదో చెప్తున్నట్టు, ఈయన వింటున్నట్టు. మైదా జిగురుతో చేతులు మొద్దుబారిపోయి ఉంటాయి కదా, చెంపకైతే చల్లదనం ఇట్టే తెలిసిపోద్దట. “పొడే” అన్నాడా, పొయ్యి వెలిగిస్తాడు, మైదా ఉడకేస్తాడు, పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తాడు. “తడుంది” అన్నాడా, అయిపోయింది. ఇంట్లోవాళ్ళు కాళ్ళు పట్టుకున్నా సంచీ భుజానేసుకుని వెళ్ళిపోతాడు. “వానలు పోయి ఎండలు ముదిరాక పిలవండి. తడి గోడకి కాగితం కప్పితే అది లోపల్లోపల కుళ్ళుద్ది. మీకు బొమ్మే కనపడద్ది, ముక్కుకి మాత్రం తెలుస్తది.” ఇదే మాట ప్రతి ఇంట్లో. మా ఓనరు నెత్తి కొట్టుకునేవాడు, “నువ్వు గోడలకి ముద్దులు పెట్టుకుంటా తిరిగి నా బేరాలన్నీ చెడగొడుతున్నావు” అని. కానీ ఆ చెంప మీద జనానికి ఎంత నమ్మకమంటే, ఇల్లు కొనబోయేవాళ్ళు కూడా వచ్చి “ఒక్కసారి చెంప ఆనించిపోవయ్యా” అని తీసుకెళ్ళేవాళ్ళు. ఇళ్ళ బ్రోకర్లు ఈయన్ని వీధి మలుపులో చూస్తే పార్టీని ఇంకో సందులోంచి తిప్పి తీసుకెళ్ళేవాళ్ళు. ఆయన పొడి అంటే పొడి, తడంటే తడి. డాక్టరు మాట మీద ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు గానీ, బావ మాట మీద ఇంకో మాట లేదు.

మీ అమ్మమ్మ, అంటే మా అక్క, బస్సు కండక్టరు. తెలుసు కదా అది. తెలుసంటావు గానీ ఆ గొంతు నువ్వు వినలేదు. కొండెక్కే బస్సు, రోజూ పైకీ కిందకీ. ఇంట్లో అన్నం గిన్నె చుట్టూ మేం మూగినా “ముందుకు జరగండి, ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది” అనేది. బావని ఊరికే వదిలేది కాదు. “ఊరందరికీ సముద్రాలు పంచిపెట్టి వస్తావు, ఇంట్లో బకెట్లో చెంబెడు నీళ్ళుండవు” అనేది. ఆయనేమో “నీకు సీనరీ ఎందుకే, అసలు కొండే రోజూ నీ కాళ్ళ దగ్గరికొస్తదిగా” అనేవాడు. “కొండ నా దగ్గరికి రాదు, నేనే దాని చుట్టూ తిరిగి చస్తున్నా.” వాళ్ళ సరసమంతా ఇంతే. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఒక రోజు కొండ దిగేటప్పుడు గేదె అడ్డమొచ్చిందో ఏమో, డ్రైవరు ఒక్కసారి బ్రేకు తొక్కాడు, అక్క ఫుట్‌బోర్డు మీంచి వెనక్కి పడింది. నడుము మెట్టు అంచుకి తగిలింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళుంచి పంపేశారు, ఇక లేచి నడవదన్నారు. ఎడమ పక్కకి తిరిగి పడుకోగలదు, అంతే. వెల్లకిలా పడుకుంటే నొప్పి, కుడి పక్కకైతే అరిచేది. అంత తిరిగిన మనిషి ఒక్క పక్కకి మిగిలింది.

వాళ్ళిల్లు చూడలేదుగా నువ్వు. వరసగా నాలుగైదు పోర్షన్లు, వీళ్ళది చివరిది. ముందు గదిలో వంటా అదీ, వెనక గదిలో మంచం. వెనక గదికి కిటికీ ఉందంటే ఉంది, తెరిస్తే పక్క బిల్డింగు గోడ, చెయ్యి చాస్తే అందుద్ది. ఇటువైపు తలుపూ అలమారూ. అక్క తిరిగి పడుకునే వైపు మాత్రం మొండి గోడ, ఆ గోడకి అవతల వెనక వాళ్ళ నీళ్ళ తొట్టి. ఇంకేముంది, ఏడాదంతా చెమ్మ. సున్నం ఉబ్బి పెచ్చులూడేది. సీనరీ ఇంట్లో సీనరీ ఎందుకు లేదంటే ఇందుకే, ఆయన గోడే ఆయన చెంపకి పనికిరాలేదు. అక్క రోజంతా ఆ మరకలే చూస్తా పడుండేది. మొదట్లో దాన్నీ వేళాకోళం చేసింది, “ఈ మరక చూడరా తమ్ముడూ, నిన్న కుక్కలా ఉంది, ఇవాళ అచ్చం మీ ఓనరులా ఉంది, చెవులు కూడా వచ్చాయి” అని. తర్వాత వేళాకోళాలు తగ్గిపోయాయి. తర్వాత మాటలూ తగ్గిపోయాయి. మనం గదిలోకి పోతే ఆ గోడ వైపు నుంచి కళ్ళు తిప్పేది కాదు. అన్నం పెడితే తినేది, మందేస్తే మింగేది. మీ అమ్మకప్పటికే పెళ్ళైపోయింది, నువ్వు కడుపులో ఉన్నావు, వారం వారం బస్సెక్కి వచ్చి వాళ్ళమ్మ కాళ్ళు ఒత్తి వెళ్ళేది. బావ మాత్రం ఎదురుగా స్టూలేసుకుని కూర్చునేవాడు. అక్క గోడ చూస్తది, ఈయన అక్కని చూస్తాడు. ఒక రోజు సాయంత్రం అక్క ఉన్నట్టుండి అందట, “ఊరందరి గోడల మీదా కొండలెక్కించావు కదా, నేనెవరి ఇల్లాలినని నాకు ఈ చెమ్మ?” అని. బావ అన్నాడు, “తడుందే గోడ. వానలు మొదలవుతున్నాయి. ఎండల దాకా ఆగు, బాగుచేసి వేస్తా.” “ఎండల దాకా ఏం చూడమంటావు నన్ను?”   

మర్నాడు షాపులో బావ బొమ్మల అరంతా కిందకి దించాడు. సముద్రం తీస్తాడు, పక్కన పెడతాడు. మంచుకొండ, వద్దు. పూల తోట, మొహం చిట్లించి వద్దు. చివరికి కింద అరలో ఎవరూ కొనక దుమ్ము కొట్టుకుపోయినది ఒకటి దొరికింది. కొండ, దాని చుట్టూ తిరుగుతా పైకి పోయే మట్టిదారి, కింద చిన్న చెరువు. రంగులు కూడా వెలిసిపోయినట్టు ఉంటాయి, అందుకే ఎవరూ కొనలేదు. దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళాడు. నేనూ వెళ్ళా, ముక్కలు అందించడానికి. గోడ గీకాడు, పెచ్చులన్నీ రాల్చాడు, తారు కాగితం తెచ్చి గోడంతా మేకులు కొట్టి బిగించాడు, దాని మీద బట్ట పరిచాడు, దాని మీద బొమ్మ. “తారు కాగితం ఆపుద్దిలే” అన్నాడు, నాతో కాదు, తనతోనే. ఆ రోజు మాత్రం చెంప ఆనించలేదు. ఆనిస్తే ఏం వినాల్సొస్తదో తెలుసు కదా. కానీ పని చేశాడమ్మా, ఎంత పొందిగ్గా చేశాడని. మంచం అటు జరిపి ఇటు జరిపి, అక్క తల ఎక్కడుంటదో చూసుకుని, ఆ దారి మొదలు సరిగ్గా ఆవిడ కళ్ళ ముందుకొచ్చేలా బొమ్మనే కిందకి దించి వేశాడు. ఆకాశం ముక్క పైన మిగిలిపోతే కోసి పారేశాడు. “ఆకాశం ఎందుకు దీనికి, ఎప్పుడన్నా తలెత్తి చూసిందా, టిక్కెట్లే చూసుకునేది” అన్నాడు.

ఆ మట్టిదారి చూశాక మా అక్కకి మళ్ళీ గొంతొచ్చింది తల్లీ. అది అబద్ధం కాదు, నేను చెవులారా విన్నా. ఆ దారి మీద స్టాపులు పెట్టింది. ఇదిగో ఈ బండ దగ్గర పాలవాళ్ళు ఎక్కుతారు, క్యాన్లు పైన వేసుకోవాలి, లోపలికి తెస్తే ఒప్పుకోను. ఈ మలుపు దగ్గర టీచరమ్మ ఎక్కుద్ది, రోజూ చిల్లర ఉండదు. ఈ ఒంటి చెట్టు దగ్గర ఎవరూ ఎక్కరు, దిగరు, అయినా ఆపాలి, డ్రైవరు బీడీ కాల్చుకుంటాడు. చూడ్డానికెవరొచ్చినా “ఎక్కడిదాకా?” అనడిగేది. వాళ్ళు బిత్తరపోయి చూస్తుంటే “అలా గుమ్మంలో నిలబడకండి, ముందుకు జరగండి” అనేది. మా ఓనరు పలకరించడానికొస్తే ఆయన్నీ వదల్లేదు, “పైదాకా పోతారా, మధ్యలో దిగుతారా” అంది. ఆయన బుద్ధిమంతుడిలా “పైదాకానమ్మా” అన్నాడు, బయటికొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. బావ పని నుంచి రాగానే ఆ రోజు బస్సులో ఏం జరిగిందో మొత్తం చెప్పేది. ఆయన స్టూలు మీద కూర్చుని “ఆహా, తర్వాత?” అంటా వినేవాడు. వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం కాళ్ళున్నప్పుడు కూడా లేదు.

వానలు ముదిరాయి. కొన్నాళ్ళకి ఆ పై మలుపు దగ్గర, చెట్ల వెనక, ఒక నల్ల చుక్క వచ్చింది. మినపగింజంత. అక్క దాన్ని చూసి ఏమందో తెలుసా, “అదుగో, బస్సొస్తోంది చూడు” అంది. బావ చూశాడు. అది బస్సు కాదని ఆయనకి కాక ఇంకెవరికి తెలుస్తది? వారానికి ఆ చుక్క మలుపు దాటి కిందకి దిగింది. పక్కన ఇంకోటి. అక్క “ఇవాళ రెండో బస్సు కూడా వేశారు, జనం ఎక్కువున్నట్టున్నారు” అంది. అప్పటికే దగ్గు మొదలైంది. ముందు పొడి దగ్గు, గొంతు సవరించుకున్నట్టు. తర్వాత మాట మధ్యలో ఆగి దగ్గేది, స్టాపు పేరు సగంలో ఆగిపోయేది. మీ అమ్మ పురిటి నుంచి లేచి, నిన్నెత్తుకుని వచ్చింది, గదిలో అడుగు పెట్టగానే ముక్కు మూసుకుంది. “నాన్నా, ఈ వాసనేంటి?” అంది. మేం రోజూ ఉండేవాళ్ళం కదా, మాకు వాసన తెలీడం మానేసింది. డాక్టర్ని తీసుకొచ్చింది మీ అమ్మే. ఆయన వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు, గది నాలుగు వైపులా చూశాడు, “గదిలో గాలి బాగాలేదు. ఈ గోడేమన్నా తడా? తడైతే ఈ కాగితం పీకించెయ్యాలి, ఊపిరితిత్తులకి మంచిది కాదు” అన్నాడు. గదిలో ఉన్న అందరం బావ వంక చూశాం. మీ అమ్మ నిన్ను చంకనేసుకుని అక్కడే ఉంది, “ఆనించి చూడు నాన్నా” అంది. ఆయన మంచం పక్కగా వంగి, అక్క మీంచి ఒరిగి, ఆ చెరువు బొమ్మ మీద చెంప పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ఉన్నాడు అలాగే. అక్క కింద నుంచి ఆయన మొహంలోకే చూస్తోంది. లేచి నిలబడి, “పొడే” అన్నాడు. అంతే. డాక్టరు సరే మరి దుమ్మేమో అని దగ్గు మందు రాసిచ్చి వెళ్ళాడు. నేనూ నమ్మా. మీ అమ్మా నమ్మింది. ఆ చెంప మాట నమ్మకపోవడం మా ఎవరికీ తెలీదు.

వానలు వెనక్కి తగ్గే ముందే అక్క పోయింది. దగ్గుతా దగ్గుతా పోయింది, అది నేను నీకు వివరంగా చెప్పను. అందరూ వెళ్ళిపోయాక, మంచం బయటికి తీశాం. మీ అమ్మ ఖాళీ గదిలో ఒక్కతే నిలబడి ఆ కొండ వంక చూస్తోంది. చూస్తా చూస్తా దగ్గరికెళ్ళి ఒక మూల గోరుతో లేపి లాగింది. కాగితం చిరగలేదు తల్లీ, తడి దుప్పటిలా మొత్తం ఊడి జారింది, వెనక బట్ట, దాని వెనక తారు కాగితం, అన్నీ కలిపి. గోడంతా నల్లగా, మెత్తగా, ఏదో బొచ్చున్న జంతువులా ఉంది. మీ అమ్మ వెనక్కి తిరిగింది. అరవలేదు. “నీ చెంపకి తెలీలేదా నాన్నా?” అంది. బావ గుమ్మంలో ఉన్నాడు. తెలీలేదు అంటే అయిపోయేది. వయసైపోయింది, పొరపాటు పడ్డాడు పాపం అనుకునేది. “తెలిసింది” అన్నాడు. ఒక్క మాట. “తెలిసే పొడన్నావా?” “ఆఁ.” “ఎందుకు?”  మీ అమ్మ ఎంత అడిగిందో. ఏడ్చి అడిగింది, గుద్ది అడిగింది. “నువ్వు అంటించిన బొమ్మ నువ్వే పీకడానికి నీకు చేతులు రాలేదా, నీ పనితనం మా అమ్మ ప్రాణం కంటే ఎక్కువా” అంది. ఆయన నేల చూస్తా నిలబడ్డాడు. మీ అమ్మ నిన్నెత్తుకుని ఆ పూటే వెళ్ళిపోయింది, ఇక ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ గడప తొక్కలేదు, మొహం చూడలేదు. పోయాడని కబురు పెడితే మాత్రం వచ్చింది, వచ్చి కాళ్ళ వైపు నిలబడి వెళ్ళిపోయింది.

మళ్ళీ పని చేశాడా అంటే, చేశాడు, కానీ దాన్ని పని అని ఎలా అంటాం. పిలిస్తే వెళ్ళేవాడు. చెంప ఆనించేవాడు. “తడుంది” అనేవాడు. అది ఎండాకాలం, గోడ మీద పెనం కాల్చుకోవచ్చు, అయినా “తడుంది” అనేవాడు. మేడ మీద రెండో అంతస్తు గోడ, తడుంది. కొత్తగా కట్టిన ఇల్లు, తడుంది. ఇంట్లోవాళ్ళు చెయ్యి పెట్టి చూసుకుని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. మా ఓనరు మంచోడే, చాలా ఓపిక పట్టాడు, చివరికి “సీనరీ, నువ్వు ఇంటి దగ్గర కూర్చో” అన్నాడు. దాంతో నా దగ్గరికే వచ్చేశాడు, ఇదిగో ఈ వసారాలోనే మంచం వేశా. గదిలో పడుకోమంటే పడుకునేవాడు కాదు. నేను కూడా చాన్నాళ్ళు ఎందుకు అలా అన్నావని అడగలేదు. ఏమని అడుగుతాం? చివరికి ఒక రోజు టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం, ముందు రోడ్డు మీంచి కొండ బస్సు పోయింది. అది దూరమయ్యే దాకా చూశాడు. అప్పుడు తనంతట తనే చెప్పాడు. నల్ల చుక్క వచ్చిన రెండో వారంలోనే ఆయన కాగితం పీకడానికి కత్తి పట్టుకుని మంచం ఎక్కాడంట. అక్క చెయ్యి పట్టుకుంది. “నాకు తెలుసు” అందట. “నేను గోడ పక్కన పడుకున్నదాన్ని, నీ చెంప కంటే ముందు నా వేళ్ళకి తెలిసింది. దగ్గు నాది. చూపూ నాదే. ఇది పీకేస్తే నేను మళ్ళీ మరకలు చూస్తా ఎన్నేళ్ళు బతకాలో చెప్పు” అందట. ఈయన బతిమాలాడు, కూతురింటికి పోదామన్నాడు. “అక్కడ లోపలి గదిలో వేస్తారు, ఎదురుగా బీరువా ఉంటది. నేను పోను” అంది. “అమ్మాయి అడుగుద్ది, డాక్టర్ని కూడా తెస్తది, దానికి ఊరుకోవడం చేతకాదు. వాళ్ళడిగితే పొడి అను. నీ మాట నమ్ముతారు.” ఒట్టు వేయించుకుందా అని అడిగా. లేదన్నాడు, ఒట్టు అవసరం లేదు, మీ అక్క ఎప్పుడన్నా నన్ను ఏదన్నా అడిగిందా అన్నాడు. అన్నేళ్ళలో అడిగింది ఆ బొమ్మా, ఈ మాటా, అంతేనట.

మరి ఇది కూతురికి చెప్పొచ్చుగా బావా అన్నా నేను. కోపమొచ్చింది నాకు, దానికి తెలిస్తే నిన్ను ఇలా వదిలేస్తదా అన్నా. ఆయన టీ గ్లాసు తిప్పుతా కూర్చుని అన్న మాట చెప్తా విను. “దానికి చెప్పకురా. నా మీదైతే అది కోపం. కోపంతో మనిషి లేచి పని చేసుకోగలడు, పిల్లని పెంచుకోగలడు. వాళ్ళమ్మే బతకడం వద్దనుకుంది, నీ ఇంటికి రావడం కంటే ఆ గోడే నయమనుకుంది అని తెలిస్తే, దాన్ని ఏం చేసుకుంటది అది?” అన్నాడు. సరే అన్నా. ఆయన పోయేటప్పుడు కూడా ఆ మాటే, చెప్పకు అని. ఇన్నేళ్ళూ మీ అమ్మ వచ్చి ఇక్కడ ఈ కుర్చీలోనే కూర్చుని ఆయన్ని తిట్టి పోయేది, నేను వినేవాణ్ణి. ఇప్పుడేమో ఆ కోపం నీ దాకా వచ్చింది. తండ్రి గడప తొక్కనిది కూతురి గడపా తొక్కనంటోంది. కోపం కోపంగానే ఉంటదన్నాడు గానీ, అది ఇంత దూరం నడిచి వస్తదని బావ అనుకోలేదేమో. నేనూ అనుకోలేదు. నాకు ఓపిక అయిపోతోంది, రేపో మాపో నేనూ పోతే ఇది తెలిసినదానివి నువ్వొక్కదానివే ఉంటావు. నీకు చెప్పకూడదని ఆయన అనలేదు కదా, అందుకని చెప్పేశా. ఏడవకు. ఏడవకమ్మా, ఇది నువ్వు ఏడిస్తే తేలేది కాదు. మీ అమ్మని నాకంటే నువ్వే దగ్గరగా చూశావు, పక్కన పడుకుని పెరిగావు, నువ్వే చెప్పు నాకు. ఇక మిగిలిన నాలుగేళ్ళూ ఎవరి మీద కోపంతో బతకడం ఆవిడకి తేలిక, ఆ కొండని అంటించిన నాన్న మీదా, దాన్ని తియ్యనివ్వని అమ్మ మీదా?